పదిహేడో నంబరు ట్యాబ్

ఇరవై తొమ్మిది ట్యాబ్‌లు తుడవడానికి నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. రెండో తరగతి పిల్లలు ముక్కు తుడుచుకున్న వేలితోనే బొమ్మ గీస్తారు, అదే వేలితో పక్కవాణ్ణి పొడుస్తారు. తుడిచాక ఒక్కోదాన్నీ తెరిచి, ఎవరి పేరు మీద మొదలైన పని వాళ్ల పేరు మీదే ముగిసిందా అని చూడాలి. లేకపోతే మధ్యాహ్నం సెక్షన్ వాడు గీసిన ఏనుగు పొద్దుటి సెక్షన్ పిల్ల ఖాతాలో చేరుతుంది, వాళ్లమ్మ దాన్ని చూసి మురిసిపోతుంది. ఇదంతా చివరి గంట కొట్టాక చేసే పని. టైంటేబుల్‌లో దీనికి గడి లేదు. మా ఆయన దృష్టిలో ఇది అసలు పనే కాదు. "బొమ్మలు పంపడానికి ఇంతసేపా? ఒక్కసారి నొక్కితే పోయేదానికి" అంటారు. అత్తయ్యది ఇంకా సూటి మాట. "మూడున్నరకల్లా ఇంట్లో ఉంటుందనే కదా టీచరమ్మని చేసుకున్నది" అని నాకు వినపడేట్టు కుక్కర్‌తో చెబుతారు.

ట్యాబ్‌ల బీరువా చూసుకునే కంప్యూటర్ టీచర్‌ని మేమందరం తాళాలక్క అంటాం. యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు, మెడలో తాళాల గుత్తి. ఆవిడ దగ్గర ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది, పిల్లకో పేజీ. బడిలో చేర్చిన రోజే తల్లిని కూర్చోబెట్టి "మీ పాప చేసిన పని ఎవరెవరు చూడొచ్చు?" అని అడిగి, రాసుకుని, సంతకం పెట్టించుకుంటుంది. రెండో తరగతి బొమ్మలకి ఇంత కాపలా ఏమిటని స్టాఫ్‌రూంలో నవ్వుకునేవాళ్లం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

పోయిన నెల పిల్లల చేత "మా ఇంటి దారి" గీయించాను. బడి నుంచి ఇంటికి వెళ్లే దారి వేలితో గీసి, గీస్తూ చెప్పే మాటలు కూడా రికార్డు చేసి, చివర తమ ఫొటో ఒకటి పెట్టాలి. హెడ్మాస్టరుకి తెగ నచ్చేసింది. "అన్నీ ఒకే లింకులో పెట్టి నాలుగింటికల్లా పేరెంట్స్ గ్రూపులో పడేయమ్మా" అన్నారు. తాళాలక్క పద్ధతి అది కాదు, ఎవరిది వాళ్ల ఇంటికే, ఒక్కొక్కటిగా పంపాలి. ఆ రోజు ఆవిడ మోకాలికి ఇంజెక్షను చేయించుకుని సెలవులో ఉంది. నాకేమో ఇంటి నుంచి మూడు ఫోన్లు. మా ఆయన వాళ్ల ఆఫీసరు, భార్యతో సహా, ఐదింటికి టీకి వస్తున్నాడట, కొత్త కప్పులు తీయాలట, దుప్పట్లు మార్చాలట. కప్పులు అటక మీద ఉన్నాయని ఆయనకు తెలుసు, దించడం నాకు తెలుసు. లింకు గ్రూపులో పడేసి బస్టాపుకి పరిగెత్తాను.

బస్టాపులో నిలబడ్డానో లేదో ఫోను మోగడం మొదలుపెట్టింది. లింకు తెరుచుకోవడం లేదు. తెరవబోయిన ప్రతివాడి పేరూ నా ఫోనుకి వస్తోంది, కింద "అనుమతించు" అనే గుర్తుతో సహా. మూడు నిమిషాల్లో నలుగురు. తాళాలక్క తరగతి ఫోల్డరుకి వేసి ఉంచిన తాళమని అర్థమై ఒళ్లు మండింది. ఫోన్ చేశాను. "అక్కా, మీ తాళం తీసేయండి. నా బస్సు వచ్చేస్తోంది" అన్నాను.

ఎవరెవరు అడిగారని అడిగింది. చదివాను. అందరికన్నా ముందు అడిగింది పదిహేడో నంబరు ట్యాబ్ పాప నాన్న.

"తీస్తాను," అంది నెమ్మదిగా. "ముందు పదిహేడు విను. మొత్తం విను."

హారన్ల మధ్య ఫోను చెవికి నొక్కిపెట్టుకుని విన్నాను. సన్నటి గొంతు. "ఇది మా కొత్త ఇల్లు. మేం బడి వెనక గేటు నుంచి వెళ్తాం. మందుల షాపు పక్క సందు. నీలం తలుపు. మెట్లెక్కితే మూడో గది. ఈ ఇల్లు నాన్నకి తెలీదు. ఇక్కడ అమ్మకి బాగా నిద్ర పడుతుంది."

బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది, కండక్టరు నన్ను ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ గ్రూపు తయారుచేసింది నేనే. అడ్మిషన్ ఫారంలో మొదటి గడి తండ్రి నంబరు. పై నుంచి కిందకి ఆ గడి పట్టుకుని టైపు చేసుకుంటూ పోయాను. ఇరవై తొమ్మిది మందీ తండ్రులే. పిల్లకి జ్వరమొస్తే పరిగెత్తుకొచ్చేది తల్లి, డైరీలో సంతకం పెట్టేది తల్లి, విరిగిన రంగుపెన్సిలు గురించి నాతో పోట్లాడేది తల్లి. ఆ తల్లుల్లో ఒక్కరు కూడా నా గ్రూపులో లేరు. ఇంట్లో ఏ గడిలోనూ నా పేరు ఉండదని కుమిలిపోయే నేను, చేతులారా చేసిన పని ఇది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎవరికీ అనుమతి ఇవ్వలేదుగా?" అక్క ఇంకా లైన్లోనే ఉంది.

"లేదక్కా."

"అయితే ఏం కాలేదు. మెసేజ్ తీసేసి బడికి రా. నేనూ వస్తున్నా."

కుంటుకుంటూ వచ్చింది. పిల్లల బుల్లి కుర్చీల్లో, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ పని చేస్తుండగా మొదటిసారి దగ్గర నుంచి చూశాను. ఒక్కో పిల్ల గొంతూ చివరిదాకా వింటుంది. నవ్వొస్తే నవ్వుతుంది. ఫొటోలో వెనక వేరే పిల్ల మొహం కనిపిస్తే ఆ ముక్క కత్తిరిస్తుంది, గోడ మీద ఎవరిదో ఫోన్ నంబరు కనిపిస్తే చెరిపేస్తుంది. పుస్తకంలో పేజీ తీసి, నంబరు రెండుసార్లు సరిచూసి, అప్పుడు పంపుతుంది. చదువు రాని ఒక తల్లికి తన గొంతుతో చెప్పి పంపింది, "అమ్మా, మీవాడు దారిలో కనిపించే కుక్కలన్నిటికీ పేర్లు పెట్టాడు, వినండి" అని. ఈ పనికి ఆవిడని మెచ్చుకున్నవాళ్లు లేరు. చాదస్తం అన్నవాళ్లమే అందరం. ఆ సాయంత్రం ఆవిడ మీద కలిగినంత గౌరవం నాకు పెళ్లయ్యాక ఎవరి మీదా కలగలేదు.

తొమ్మిదో బొమ్మ దగ్గర ఉండగా మా ఆయన ఫోన్. వాళ్లు వచ్చి కూర్చున్నారు, ఎక్కడున్నావ్ అన్నారు. బళ్లో పనిలో ఉన్నానన్నాను.

"ఏం పని? బొమ్మలు పంపడమేగా?"

"అవునండీ, బొమ్మలు పంపడమే. టీ మీరు పెట్టండి."

తర్వాత మూడు రోజులు ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ నా ప్రాణానికి సుఖంగానే ఉంది.

బొమ్మలు పంపిన మర్నాడు పొద్దున్నే పదిహేడో నంబరు పాప నాన్న బడికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. లింకు పంపి ఎందుకు తీసేశారని, పాప గీసింది చూడాలని ఉందని, తను తండ్రినని చెప్పాడు. హెడ్మాస్టరు నా వైపు తిరిగి "చూపించేయమ్మా, తండ్రేగా" అన్నారు. తాళాలక్క బీరువా పక్కన నిలబడి నన్నే చూస్తోంది.

చూపించేయ్. ఈ మాట నాకు కొత్త కాదు. పెళ్లికి ముందు నేను రాసుకున్న డైరీని మా ఆయన మొదటి వారంలోనే తీసి చదివి, తప్పులు దిద్ది ఇచ్చారు. ఇంటిల్లిపాదీ నవ్వారు, నేనూ నవ్వాను. చదవనా అని ఆయన నన్ను అడగలేదు. అడగాల్సిన మాట ఒకటుందని నాకూ తోచలేదు.

"పాపని అడిగి చెబుతానండి," అన్నాను.

అతను నవ్వాడు. "ఏడేళ్ల పిల్లని అడుగుతారా?"

"గీసింది తనే కదండీ."

తాళాలక్క నోటుపుస్తకం తెచ్చి, పదిహేడో పేజీ తీసి హెడ్మాస్టరు ముందు పెట్టింది. తల్లి సంతకం పక్కన ఒకే ఒక్క పేరు, తల్లిది. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "టీచరుగారు చెప్పినట్టే చేద్దాం, మీరు కూర్చోండి" అన్నారు అతనితో.

తరగతిలో పాప ట్యాబ్ మీద పిల్లిని గీస్తోంది. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పాప చెవిలో, ఇంటి దారి బొమ్మ నాన్న చూస్తానంటున్నారని, చూపించమంటావా అని అడిగాను. వేలు ఆపింది. నా మొహంలోకి చూసింది.

"వద్దంటే మీకు కోపమొస్తుందా?"

"రాదు."

"నిజంగా?"

"నిజంగా రాదు."

పాప మళ్లీ పిల్లి దగ్గరికి వంగి, మీసాలు గీస్తూ అంది, "అయితే వద్దు."