ముప్పై ఒకటో ఫారం

కిటికీ తెరవడానికింకా పావుగంట ఉంది. ఆమె ముప్పై ఫారాలు బల్ల మీద పేర్చుకుని, ఒక్కోదాంట్లో ఏడో వరుస కొట్టేస్తోంది. ‘భర్త సంతకం’ అన్న వరుస. చెక్క స్కేలు ఆనించి ఒకటే ఎర్ర గీత. స్కేలు అంచు పదకొండేళ్ల సిరాతో ఎర్రబారిపోయింది. ఆస్పత్రిలో అందరూ ఆమెను గీతలక్క అంటారు.

గర్భం తీయించుకోవడానికి అనుమతి ఫారాలిచ్చే గుమాస్తా ఆమె. ఆస్పత్రి ఉద్యోగంలో చేరిన కొత్తలో గర్భం తీయించుకోవడం జైలుకు పంపే నేరం. అప్పుడే ఆమె చిన్నాడపడుచు ఎవరో ఇచ్చిన నాటుమందు మింగి మూడోనాడు పోయింది. తర్వాత భర్త సంతకముంటే చాలన్నారు. పదకొండేళ్ల కిందట అదీ అక్కర్లేదన్నారు. చట్టం మారింది గాని ఫారాలు మారలేదు.

“కొత్తవి అచ్చేయించండి సార్,” అంది ఇవాళ కూడా.

“పాతవి ఇంకా రెండు బీరువాలున్నాయమ్మా,” అన్నాడు సూపరింటెండెంటు. “ముందు అవి అయిపోతాయో, నీ రిటైర్మెంటే వస్తుందో చూద్దాం.”

ఈ పని పాపమో కాదో ఆమెకిప్పటికీ తెలియదు. రోజూ దణ్ణం పెట్టుకుంటూ దేవుణ్ణి అడుగుతుంది. ఆడపడుచు ముఖమే గుర్తొస్తుంది.

నిన్న సాయంత్రం పచ్చ చీర కట్టుకున్న ఒకామె వచ్చింది. స్కానింగు కాగితం తేలేదు. అది లేనిదే ఫారం ఇవ్వకూడదు.

“నువ్వు చెప్పిన నెలల లెక్కన రేపే ఆఖరి రోజమ్మా. దాటితే చట్టం ఒప్పుకోదు.”

“మా ఆయనకి తెలీకూడదండీ.”

“చెప్పక్కర్లేదు. నువ్వొక్కదానివే రా.”

మధ్యాహ్నం గీతలక్క అన్నం తిని వచ్చేసరికి, కిటికీ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుని ఉంది.

“నువ్వు బల్ల మీద పెట్టినవి అయిపోయాయక్కా. పచ్చ చీరావిడొస్తే కట్టలోంచి తీసిచ్చా.”

“గీత కొట్టావా?”

“ఏ గీత? ‘ఆయన సంతకం కావాలా’ అనడిగింది. కాగితంలో ఉంది కదమ్మా అన్నా. క్యూలో ఇచ్చిన నంబరు బిళ్ళ ఇక్కడ పెట్టేసి వెళ్లిపోయింది.”

పని పూర్తయినవాళ్లే ఆ బిళ్ళ తిరిగివ్వాలి; ఆమె ఫారం నింపకుండానే ఇచ్చేసి పోయింది. గీతలక్క చెప్పులు వేసుకోకుండానే గేటు దాకా పరుగెత్తింది. బస్టాపులో వెతికింది. ఆటోల్లోకి తొంగి చూసింది. పచ్చ చీర ఎక్కడా లేదు. పదకొండేళ్లు గీశాను, ఇంకొక్కటి ఎందుకు గియ్యలేదు? నిన్ననే ఇచ్చేస్తే ఎవరు అడ్డొచ్చేవారు?

అయిదింటికి సూపరింటెండెంటు కిటికీ మూయమన్నాడు. అయిదున్నరకు లైట్లార్పాడు.

“ఇంక రాదులేమ్మా.”

గీతలక్క చీకట్లోనే స్కేలు ఆనించి ఇంకొక ఫారంలో ఏడో వరుస కొట్టేసింది. దాని మీద ఇత్తడి బిళ్ళ పెట్టి ఇంటికి బయల్దేరింది.

సిరా ఆరని గీత పక్కన ముప్పై ఒకటో నంబరు బిళ్ళ, పచ్చ చీరావిడ చేతి చెమటకు మాసిన దారంతో సహా, అలాగే ఉంది.