ఐదు మిల్లీమీటర్లు

మా మోడల్ కార్ల క్లబ్బులో ఒక ఆచారం ఉంది. ఏటా మే నెలలో ప్రదర్శన అయిపోయాక, బల్లలు సర్దకముందు, ఒకరి కార్లను ఒకరం భూతద్దం పెట్టి చూస్తాం. అసలు కారులో లేనిది మోడల్లో కనిపించినా, ఉన్నది కనిపించకపోయినా దాన్ని అబద్ధం అంటాం. తలుపు పిడి వెంట్రుకవాసి పైకి ఉంటే అబద్ధం. ఎనభై నాలుగులో వచ్చిన కారుకి ఎనభై ఆరులో వచ్చిన అద్దం పెడితే అబద్ధం. ఒక్కో అబద్ధానికి ఆ కారు చేసినవాడు ఒక్కో కప్పు సాకే, అంటే బియ్యపు సారా, తాగాలి. పట్టుకున్నవాడు పోయాలి.

ముప్పై ఏళ్లలో నేను ఒక్క కప్పు కూడా తాగలేదు. పోసినదానికి మాత్రం లెక్క లేదు. ఈ ఓగురికి పొగరు అంటారు నా వెనకాల. పొగరే మరి. ముప్పై ఎనిమిదేళ్లు షిజుఒకాలో ప్లాస్టిక్ మోడళ్లకు ఉక్కు అచ్చులు చెక్కినవాణ్ణి. అరచేతిలో పట్టే కారుకి ఇంజన్ వైర్లు కూడా వేసి, ఎవరూ చూడరని తెలిసి కూడా కిందిభాగానికి తుప్పు రంగు పులిమేవాడికి ఆ మాత్రం పొగరు లేకపోతే చెయ్యి వణుకుతుంది.

ఆ ఏడాది ప్రదర్శనలో ఇనాబా కారులో మూడు అబద్ధాలు పట్టాను. ఇనాబా నాకు పాతికేళ్ల స్నేహితుడు. పొట్టివాడు, మెత్తనివాడు, పని బాగా చేస్తాడు గానీ చివర్లో తొందరపడతాడు. మూడు కప్పులూ నేనే నిండుగా పోశాను. మామూలుగా తాగనివాడు కావడంతో మూడో కప్పుకే చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రం నాలుగింటికి వాళ్లబ్బాయి షుహేయి తండ్రిని తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆరడుగుల కుర్రాడు, చుక్క ముట్టడు. తుక్కుకి పోవాల్సిన పాత రెండు తలుపుల కారుని కొని, రెండేళ్లు సొంతంగా బాగుచేసి, ముదురాకుపచ్చ రంగు వేసుకున్నాడు. మేమంతా బయటికొచ్చి దాని చుట్టూ తిరిగాం.

"ఏమోయ్ ఇనాబా," అన్నాను, "ఇంత మంచి కారు పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంటావా? నీకు అరచేతిలో పట్టే కార్లు తప్ప అసలువి నడపడం చేతకాదా ఏంటి?"

అందరూ నవ్వారు. ఇనాబా కూడా నవ్వాడు. నేను కుర్చీలు సర్దడానికి లోపలికి వెళ్లిపోయాను.

గంట తర్వాత, అబే నది పక్క రోడ్డు మీద, తేయాకు తోట నుంచి ఇంటికి నడిచి వస్తున్న మకినో అనే ముసలాయన్ని ఆ కారు గుద్దేసింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. కారు పల్టీ కొట్టి గట్టు గోడకి తగిలింది, లోపలున్న ఇద్దరూ బయటికి ఎగిరిపడ్డారు. ఊరివాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి ఇనాబా తొడ ఎముక విరిగి, కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉన్నాడట. అప్పటికే షుహేయిలో ప్రాణం లేదు. అబ్బాయే నడుపుతున్నాడని ఇనాబా చెప్పాడు. కొడుకు శవాన్ని ఒళ్లో పెట్టుకున్న తండ్రిని ఎవరు అనుమానిస్తారు? పేపర్లో షుహేయి పేరు వేసి, అతివేగం అని రాశారు.

ఇనాబా భార్య ఫుసాయె ఆ రోజు నుంచీ ప్రతి నెలా, ప్రమాదం జరిగిన పదిహేడో తారీఖున, మిఠాయి పెట్టె పట్టుకుని మకినో ఇంటికి వెళ్లి, గేటు బయట నడుం వంచి నిలబడుతోంది. కొడుకు చేసిన తప్పుకి తల్లి క్షమాపణ. వాళ్లు తలుపు తీయరు. పెట్టెను గేటు పక్కన పెట్టి వస్తుంది. మరుసటి నెల వెళ్లేసరికి అది తడిసి ముద్దై అక్కడే ఉంటుంది. దాన్ని తీసేసి కొత్తది పెడుతుంది.

ఫిబ్రవరిలో ఆమె మా ఇంటికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. నా గదిలోకి వచ్చి, అద్దాల బీరువాలో ఉన్న కార్లను ఒక్కొక్కటే చూసింది.

"ఓగురి గారూ, షుహేయి కారు చేసిపెడతారా? సంవత్సరీకం నాటికి వాడి ఫోటో దగ్గర పెడదామని."

"ఇంట్లో చేసేవాడు ఉన్నాడు కదమ్మా."

"ఆయన పనిముట్ల పెట్టె ముట్టుకోవడం మానేశారు. గది తలుపు కూడా తీయరు. అయినా మీరు చేస్తేనే బాగుంటుంది. మీరు అబద్ధం పెట్టరంటారుగా."

అది విని నేను లోపల పొంగిపోయాను. ఈ మాట దాచుకోవడం అనవసరం. కొడుకు పోయిన తల్లి ముందు కూర్చుని కూడా నాకు నా పని గురించే గర్వం.

తుక్కు కొట్టంలో కారుని నలగ్గొట్టే ముందు ఆమె వెళ్లి తీసుకున్న ఫోటోలు ఇరవై రెండు ఇచ్చింది. ఎడమవైపు కారు లేదనే చెప్పాలి, నుజ్జయిపోయింది. కుడివైపు, అంటే నడిపేవాడి వైపు, లోపలంతా దాదాపు చెక్కుచెదరలేదు. కారు బయట ఎలా ఉండేదో పాత ఫోటోలు చూసి చేశాను. లోపలి ఫోటోలు వేరే లేవు, అందుకని తుక్కు కొట్టం ఫోటోలే ఆధారం.

మూడు నెలలు పట్టింది. కిట్టులో వచ్చే చక్రాల అంచులు కోసి పడేసి, షుహేయి వేసుకున్నవి కొత్తగా తయారుచేశాను. ఆ ఆకుపచ్చ కోసం ఏడుసార్లు రంగు కలిపాను. గేరు రాడ్డు మీద వాడు చెర్రీ చెక్కతో చెక్కుకున్న గుండు ఉండేది. అది పళ్లపుల్ల కొసతో చేశాను. అద్దానికి వేలాడే గుడి తాయెత్తు కూడా, కాగితం ముక్క మీద దారం చుట్టి. సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద ఉండే పట్టాల బొక్కల్లో నాలుగు వెనకవైపు బయటికి కనిపిస్తున్నాయి ఫోటోలో. భూతద్దం పెట్టి లెక్కపెట్టి, సరిగ్గా అంత దూరంలో సీటు అంటించాను. అందులో ఎవరు కూర్చున్నారన్న ఆలోచనే రాలేదు. అచ్చులు చెక్కినన్నాళ్లూ ఆ కార్లలో మనుషులు కూర్చుంటారని ఎప్పుడైనా అనుకున్నానా? కన్ను చూసింది, చెయ్యి చేసింది. బుర్రతో పని పడలేదు.

సంవత్సరీకం రోజున మంత్రాలు చదివి పురోహితుడు వెళ్లిపోయాక, ఫుసాయె ఆ కారుని రెండు చేతులతో అందుకుని షుహేయి ఫోటో ముందు పెట్టింది. ఇనాబా కర్ర పట్టుకుని గోడకి చేరగిలబడి ఉన్నాడు. అప్పటివరకూ కారు వంక సరిగ్గా చూడలేదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, చాప మీదికి వంగి, కారు కిటికీలోంచి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. తాయెత్తు చూసి నోరు చేత్తో మూసుకుంది.

"అన్నీ ఉన్నాయి," అంది. తర్వాత, "ఈ సీటు ఒక్కటీ... ఇంత ముందుకా? షుహేయి కాళ్లు పట్టవే ఇందులో. వాడు కూర్చుంటే వెనకాల నాకు మోకాళ్లు పెట్టుకోవడానికి చోటుండేది కాదు. అమ్మా నువ్వు అటు జరుగు అనేవాడు."

నా పనిలో తప్పు పట్టేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ గదిలో, ఆ రోజున కూడా.

"తప్పు పడే అవకాశమే లేదమ్మా. ఫోటోలో ఎలా ఉందో అలాగే పెట్టాను. నాలుగు బొక్కలు, లెక్కపెట్టి మరీ. సరిగ్గా అక్కడే ఉంది సీటు."

"అలాగా," అంది ఆమె. "ఏమో, మీకే తెలియాలి." టీ తేవడానికి వంటగదిలోకి వెళ్లింది.

అప్పుడు ఇనాబాని చూశాను. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను అన్న మాట నాకే అప్పుడు అర్థమైంది. ఐదు మిల్లీమీటర్లు. ఇరవై నాలుగు రెట్లు పెద్దదైన అసలు కారులో పన్నెండు సెంటీమీటర్లు. ఆరడుగుల కుర్రాడి సీటుని పన్నెండు సెంటీమీటర్లు ముందుకి జరుపుకుని కూర్చోవాల్సినవాడు ఆ రోజు ఆ కారులో ఇంకొక్కడే ఉన్నాడు.

"నువ్వా?" అన్నాను.

వంటగదిలో నీళ్లు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇనాబా గొంతు తగ్గించి మాట్లాడాడు.

"వాడు వద్దన్నాడు. నాన్నా, తాగావు, ఊరుకో అన్నాడు. నేనే తాళం లాక్కున్నా. నువ్వు అన్న మాట చెవిలో తిరుగుతోంది. అరచేతిలో కార్లు తప్ప చేతకాదని."

"నామీద పెడతావేంట్రా?"

"పెట్టట్లేదు. నడిపింది నేనే. చంపింది నేనే, ఇద్దర్నీ. ఊరివాళ్లు వచ్చి ఎవరు నడిపారని అడిగితే, పోయినవాడికి ఇంకేం అవుతుందిలే అనిపించింది. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి ఎలా తీసుకోను?" వంటగది వైపు ఓసారి చూశాడు. "మూడు కప్పులు పోసిందెవరని కూడా అడుగుతారు, ఓగురీ. తాగి నడిపితే, పోసినవాణ్ణి కూడా చట్టం వదలదు."

అరవై ఆరేళ్ల వయసు. పోలీసులు ఇంటికి రావడం, పేపర్లో పేరు, క్లబ్బులో నా బీరువా ఖాళీ చేయడం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. షుహేయి వాటిలో లేడు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో వాడు నాకు గుర్తు రాలేదు.

ఫుసాయె టీ పళ్లెం పట్టుకుని వచ్చి కూర్చుంది. కప్పులు పెట్టింది. మళ్లీ కారు వంక చూసింది.

"ఓగురి గారూ, ఫోటోలో నిజంగా అలాగే ఉందా?"

ఇనాబా దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. నేనూ అంతే. ఉంది అని ఒక్క మాట అంటే చాలు, ఏడాదిగా వంగుతున్న ఆ నడుం లేస్తుంది. వాళ్లబ్బాయి పేరు కడిగినట్టవుతుంది. ఫోటోలో వాడు నవ్వుతున్నాడు, ఉద్యోగంలో చేరిన రోజు తీసిన ఫోటో.

"లేదమ్మా," అన్నాను. "ఇప్పుడు గుర్తొచ్చింది. పక్క సీటు కొలత దీనికి వేసేశాను. పొరపాటు నాదే."

ముప్పై ఏళ్లలో నేను ఒప్పుకున్న మొదటి తప్పు అది. నేను చెయ్యని తప్పు.

"అయ్యో, దానికేముంది," అంది ఆమె. నన్ను ఓదార్చింది కూడా. "ఇంత పనిలో ఒక్కటేగా."

కారు ఇంటికి తెచ్చుకుని, సన్నని బ్లేడుతో సీటు కింద జిగురు కోశాను. రాలేదు. గట్టిగా అంటిస్తానుగా నేను. మూడు రోజులు కొంచెం కొంచెంగా కోస్తే ఊడింది. కింద తివాచీ చిరిగింది. దాని మీద పొడి చల్లి, రంగు వేసి, సీటు ఐదు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి అంటించాను. భూతద్దం పెడితే ఆ అతుకు నాకు కనిపిస్తుంది. ఇంకెవరికీ కనిపించదు. తీసుకెళ్లి ఇస్తే ఆమె కిటికీలోంచి చూసి, "ఇప్పుడు పడతాయి కాళ్లు" అంది. ఇనాబా బయటికి రాలేదు.

జూన్ పదిహేడున వాన. బస్సులో తడుస్తూ ఎందుకని ఫుసాయెని నేనే నా కారులో మకినో ఇంటికి తీసుకెళ్లాను. అంతమాత్రం చేస్తే ఏదో తీరుతుందనుకున్నాను కాబోలు. ఆమె గేటు ముందు గొడుగు మూసేసి, వానలోనే నడుం వంచింది. గొడుగు కింద నిలబడి క్షమాపణ చెప్పరు. నేను కారు అద్దం కొద్దిగా దించుకుని కూర్చున్నాను.

పావుగంట తర్వాత గేటు తెరుచుకుంది. అదే మొదటిసారి. పోయినాయన కూతురు, యాభై ఏళ్లుంటాయి, తోట బూట్లతోనే వచ్చింది.

"ఈ పెట్టెలు ఇక తేకండి," అంది. "ఒక్కటి మాత్రం చెప్పండి. మీవాడికి ఏం తొందరొచ్చింది ఆ రోజు?"

"తెలియదమ్మా," అంది ఫుసాయె, తల ఎత్తకుండానే. "రాత్రిళ్లు అదే అనుకుంటాను. వాడు ఎప్పుడూ నెమ్మదిగానే నడిపేవాడు."

"నెమ్మదిగా నడిపేవాడైతే మా నాన్న ఎందుకు పోతాడు?"

"తప్పు వాడిదే. అలా పెంచింది నేను."

నా చెయ్యి కారు తలుపు పిడి మీద ఉంది. దిగి రెండు అడుగులు వేస్తే చాలు. నేను దిగలేదు. గేటు మూసుకుంది. ఫుసాయె ఇంకాసేపు అలాగే వంగి ఉండి, తర్వాత వచ్చి వెనక సీట్లో కూర్చుంది. బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"తలుపు తీశారు," అంది. "ఇంటికెళ్లి షుహేయికి చెప్పాలి." జేబురుమాలుతో ముఖం తుడుచుకుంది. "ఆ తుక్కు కొట్టం ఫోటోలు నా ఫోన్లోంచి తీసేశానండి. చూడలేకపోతున్నా. మీ దగ్గరున్నవి కూడా చింపేయండి. కారు ఉందిగా ఇప్పుడు."

"అలాగేనమ్మా," అన్నాను.

ఇంజన్ స్టార్ట్ చేశాను. నేనూ పొడగరినే, సీటు బాగా వెనక్కి పెట్టుకుంటాను.

"ఓగురి గారూ," అంది ఆమె వెనక నుంచి, మొహమాటంగా. "ఏమీ అనుకోకండి. మోకాళ్లు పట్టడం లేదు. సీటు కొంచెం ముందుకి జరుపుతారా?"

చెయ్యి కిందికి పెట్టి, మీట లాగి, సీటు ముందుకి జరుపుకున్నాను.