మన పీతలు మనమే తిందాం

వ్యాపార ఒప్పందాల మీద బహిరంగ చర్చ అన్నారు గానీ, మధ్యాహ్నం నుంచీ ఆ చర్చి హాల్లో జరిగిందంతా కోతల పోటీయే. లండన్ నుంచి దిగిన పియర్స్ ఆల్డర్టన్ అనే నిపుణుడు కార్న్‌వాల్ జాలర్లకు అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నాడు. యూరప్ కూటమి తలుపేసుకుంటేనేం, ఆస్ట్రేలియా ఉంది, జపాన్ ఉంది, మహాసముద్రాలన్నీ మనవేనంటాడు. ఎదురు కూర్చున్న ప్రొఫెసరమ్మ నష్టాల అంకెలు చదువుతుంటే సగం హాలు ఆవలించింది, మిగతా సగం బిస్కెట్ల వంక చూసింది.

వెనక వరసలో లొవెనా ట్రెగెన్జా కాళ్ళ దగ్గర మూతపెట్టిన బకెట్టుతో కూర్చుంది. ఆమె పట్టేది సాలీడు పీతలు. ఎప్పుడూ అవి నీళ్ళతొట్ల లారీలో ప్రాణాలతో ఫ్రాన్స్ చేరేవి. దేశం ఆ యూరప్ కూటమిని వదిలాక, ఓడరేవు తనిఖీల్లో ఆగి ఆగి దారిలోనే చస్తున్నాయని ఆ లారీ రావడం మానేసింది. ఊళ్ళో కొనేవాళ్ళు దొరక్కపోతే తండ్రి ఇచ్చిన పడవను అమ్ముకోవాల్సిందే. విడిపోదామని ఓటేసినవాళ్ళలో తనూ ఉంది కాబట్టి ఎవర్నీ తిట్టడానికి కూడా లేదు. అదింకా మంట.

ముసలి జాలరి హెడ్లీ నాన్స్ లేచి గొంతు చించుకున్నాడు. ఫ్రెంచివాళ్ళ దయ మనకెందుకు, మన పీతలు మనమే తిందాం అన్నాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. లొవెనాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా బకెట్టు తీసుకెళ్ళి టీ కప్పుల పక్కన పెట్టి మూత తీసింది. పొద్దున్నే సముద్రపు నీళ్ళలో ఉడకబెట్టిన పీతలు, ఎర్రగా, ఒళ్ళంతా ముళ్ళతో, బారెడు కాళ్ళతో.

"రండి, మనమే తిందాం," అంది.

అందరూ బుద్ధిగా వరస కట్టారు. ఆ విషయంలో ఆ జాతిని మెచ్చుకోవాలి. ఒక్కొక్కరే బకెట్టు దాకా వచ్చి, తల పంకించి, దేశానికి ఇలాంటివే కావాలని పొగిడి, పక్కనున్న బిస్కెట్టు తీసుకుని ముందుకు సాగిపోయారు. ఆల్డర్టన్ గారికి అవంటే పడదట. ప్రొఫెసరమ్మ శాకాహారి. చివరికి హెడ్లీ వంతు వచ్చింది.

"అన్నది మీరే కదా పెద్దాయనా, తీసుకోండి."

"అన్నాలే. మరీ ఇన్ని కాళ్ళేంటమ్మాయ్ దీనికి?" అని నసిగాడాయన. "అయినా, నువ్వెప్పుడైనా తిన్నావా?"

లొవెనా బకెట్టుకు మూత పెట్టేసింది. శుక్రవారం వస్తే ఇంట్లో వేయించేది నార్వే నుంచి వచ్చే కాడ్ చేప. ఈ పీతల్ని తాత పట్టాడు, తండ్రి పట్టాడు, తను పట్టింది. ఆ ఇంట్లో ఒక్కరి నాలుక మీదా ఆ పీత పడలేదు.

బకెట్టు మోసుకుంటూ వెళ్ళి రేవు మెట్ల మీద కూలబడింది. ఒళ్ళుమండి ఒక కాలు పుటుక్కున విరిచి నోట్లో పెట్టుకుంది. తియ్యగా ఉంది. ఇంకోటి విరిచింది. ఇంత రుచి దగ్గర పెట్టుకుని ఒక్కమాటైనా చెప్పలేదేం ఆ ఫ్రెంచి వెధవలు అని తిట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, పీత మొత్తం తినేసింది. తర్వాత చేతులు కడుక్కుని, పడవకు అమ్మకపు బోర్డు కట్టడానికి లేచింది.