‘దౌ’ అంటే

భ్రమరాంబది తణుకు. దూడని కూడా "రండి" అని పిలుస్తారని పేరుపడ్డ సీమ. భర్త పోర్టు ఉద్యోగం వల్ల విశాఖ వచ్చి ఏళ్లు గడిచినా ఆమె నోటి మర్యాద వీసమెత్తు తగ్గలేదు. అలాంటి మనిషికి ఎలమంచిలి అల్లుడు దొరికాడు.

ఉదయ్‌కుమార్ స్టీల్‌ప్లాంటులో డ్యూటీ దిగి, సరాసరి అత్తగారి వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసేవాడు. "అత్తా, ఏటి సేత్తన్నావ్? సేపల పులుసేనా?" అనేవాడు. ఆమె లోలోపల మురిసిపోయినా, ఆ "నువ్వు" మాత్రం పంటికింద రాయిలా తగిలేది. ఒకసారి తణుకు నుంచి తమ్ముడు అచ్యుతరామయ్య వచ్చి భోజనానికి కూర్చున్నాడు. "నువ్వు కూకో అత్తా, నాను ఒడ్డిత్తాను" అన్నాడు అల్లుడు. తమ్ముడు కంచం మీంచి తలెత్తి ఓ నవ్వు నవ్వాడు. భ్రమరాంబకి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే కూతురు ఆశాజ్యోతితో, "మీ ఆయనకి కాస్త మర్యాద నేర్పించవే" అంది.

నేర్పింది. అతను మంచివాడు, నేర్చుకున్నాడు. ఇప్పుడు హాల్లోనే కుర్చీలో కూర్చుంటాడు. "బాగున్నారా అత్తయ్యగారూ" అంటాడు. ఆ తర్వాత మాట దొరక్క ఫోను చూసుకుంటాడు. కోరి తెచ్చుకున్న మర్యాద ఇంటినిండా ఉంది, మనిషే లేడు.

ఆశాజ్యోతి కాలేజీలో ఇంగ్లిష్ చెబుతుంది. ఒక ఆదివారం భర్తతో పుట్టింటికి వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని పాత ఇంగ్లిష్ ప్రార్థన ఉన్న పాఠం పైకి చదువుకుంటుంటే తల్లి అడిగింది.

"ఆ ‘దౌ’ అంటే ఏంటే? ఆ ప్రార్థనలో దేవుణ్ని అలాగే పిలుస్తున్నారుగా. మన ‘తమరు’ లాంటిదా?"

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. నిజానికి అది ‘నువ్వు’. బిడ్డనీ, పనివాణ్నీ, ప్రాణస్నేహితుణ్నీ, దేవుణ్నీ అలా పిలిచేవారు. ‘యూ’ పెద్దవాళ్లకీ, పైవాళ్లకీ. మర్యాద ముదిరి అందరినీ ‘యూ’ అనేశారు. ఇప్పుడా దగ్గరి మాట వాళ్ల నోట్లో లేదు."

భ్రమరాంబ చేతిలో గరిటె ఆగింది. రోజూ దీపం పెట్టి సింహాద్రి అప్పన్నని తను వేడుకునేది "నువ్వే దిక్కు" అనే కదా. దేవుడికి లేని నామోషీ తనకెందుకొచ్చింది? చేజేతులా పోగొట్టుకున్నానని దుఃఖం ముంచుకొచ్చింది.

పులుసు దించి హాల్లోకి వెళ్లింది. పెళ్లయిన నాటి నుంచీ అల్లుణ్ని "మీరు" తప్ప అనలేదు ఆమె.

"నాకీ మర్యాదలొద్దు నాయనా. ఇదివరకులా ‘నువ్వు’ అనే పిలువు. వంటింట్లోకి రా, మూత నువ్వే తియ్యి."

ఉదయ్‌కుమార్ కంగారుగా లేచి నిలబడి, ఫోను జేబులో పెట్టుకున్నాడు. అత్తగారు ఏం చెప్పినా కాదనకూడదని అతనికి బాగా తెలుసు.

"అలాగేనండీ" అన్నాడు.