మూడు చోట్ల నిద్రపోయిన తుపాకీ

నేను ఒక తుపాకీని. భయపడకండి, మీకంటే నేనే ఎక్కువ భయపడుతూ బతికాను. పుట్టి అరవై ఏళ్లు దాటినా నా మూలంగా ఒక్క చీమ కూడా చావలేదు. పేలడం నా వృత్తి అంటారు గాని, నా అనుభవంలో నాకంటే నన్ను పట్టుకున్నవాళ్లే ఎక్కువ పేలారు.

ఒక కర్మాగారంలో నన్ను తయారుచేశారు. గొట్టం ఒకరు తొలిచారు, కర్ర ఒకరు చెక్కారు, నునుపు ఇంకొకరు పట్టారు. చిట్టచివర మెల్లకన్ను ఆయనొకడు నా బోల్టును తెచ్చి, వెనక నుంచి దూర్చి, తలుపు గడియ వేసినట్టు తిప్పాడు. టక్కుమంది. అదే మా పెళ్లి. జానెడు ఇనుపముక్క అది, కానీ అది బిగుసుకుంటేనే తూటా పేలుతుంది. అది లేకపోతే నేను ఖరీదైన చేతికర్రని. మా ఇద్దరి ఒంటి మీదా ఒకే నంబరు కొట్టి పంపారు, విడిపోయినా ఎవరు ఎవరికి చెందుతారో తెలియాలని. విడిపోవడం ఎందుకుంటుంది అనుకున్నాను అప్పట్లో. కుర్రతనం.

మొదట నన్ను కొన్నవారు కలిదిండి నరసరాజు గారు. మీసం ఉంది, దాని పక్కన ఒక తుపాకీ ఉంటే బావుంటుందని కొన్నారు. ఆయన నాతో తీసినవి ప్రాణాలు కావు, ఫోటోలు. అద్దెకు తెచ్చిన పులితోలు మీద కాలు పెట్టి పదకొండు ఫోటోలు తీయించుకుని, మీసం నెరిసిపోయాక నన్ను చట్టప్రకారం రాజమండ్రిలో నూనె మిల్లు నడిపే సుంకర భీమేశ్వరరావు గారికి అప్పగించారు.

భీమేశ్వరరావు గారు నన్ను ప్రేమించారు. ఇందులో వెటకారం లేదు. రోజూ పొద్దున్నే మిల్లు నుంచి తాజా నువ్వుల నూనె తెచ్చి నాకు రాసేవారు. ఆయన తలకు రాసుకోగా మిగిలింది నాకా, నాకు రాయగా మిగిలింది ఆయన తలకా అన్నది తేలలేదు. వేటకి లైసెన్సులు ఇచ్చే రోజులవి. జన్మలో ఒక్క అడవిపందినైనా కొట్టాలని ఆయన కోరిక. ఆరేళ్లలో తొమ్మిది సార్లు అడవికి వెళ్లాం. ఆయనకి గురి కుదరలేదు, నవ్వులకి గురికావడం మాత్రం బాగా కుదిరింది. అందుకే వేటకి వెళ్లేటప్పుడు రెండు కోళ్లు ఇంటి దగ్గర నుంచే తీసుకువెళ్లడం మా ఆనవాయితీ.

ఆయనలో ఉన్న లోపం గురి కాదు, నిద్ర. నిద్రలో నడుస్తారు. ఒక తెల్లవారుజామున గోడ మీద నుంచి నన్ను దించుకుని, కళ్లు మూసుకునే గుమ్మంలో నిలబడి, పాలవాడిని "లైసెన్సు చూపించు" అని నిలదీశారు. పాలవాడు పాలు పారబోసి పరుగు పెట్టాడు. నాలో ఆ పూట తూటా లేదు, ఆ సంగతి పాలవాడికి తెలియదు. మర్నాటి నుంచి ఆ ఇంటికి పాలు రాలేదు, శాసనం వచ్చింది.

శాసనకర్త ఆయన భార్య సత్యవేణమ్మ గారు. ఆవిడ మాట మీద ఆవిడే నిలబడతారు, పక్కవాళ్లని కూర్చోనివ్వరు.

"ఇకనుంచి పొద్దు గూకిందంటే తుపాకీ ఒకచోట, బోల్టు ఒకచోట, తూటాలు ఒకచోట పడుకోవాలి. మూడూ ముగ్గురు మనుషులు దాచాలి. పొద్దు పొడిచేదాకా ఎవరెక్కడ దాచారో ఇంకొకళ్లకి చెప్పకూడదు. మెలకువలో ఆయన చెవిన పడితే నిద్రలో ఆయన కాళ్లకి తెలిసిపోద్ది" అన్నారు.

"మరి తప్పితేనో?" అన్నారు భీమేశ్వరరావు గారు చిన్నగా.

"తప్పిన రోజున నేనే రిక్షా కట్టించుకుని వెళ్లి దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించొస్తాను. మీరు రావొద్దు, దారిలో ఏడుస్తారు."

ఇదీ మా ఇద్దరి తలమీద వేలాడిన కత్తి. తుపాకీ తల మీద కత్తి వేలాడటం ఎక్కడైనా చూశారా? స్టేషన్ గదుల సంగతి నాకు తెలుసు. అక్కడికి వెళ్లిన తుపాకులు తుప్పుపాకులై పోతాయి. నూనె ఉండదు, పలకరింపు ఉండదు.

పదోసారి మారేడుమిల్లి వైపు అడవికి బయల్దేరాం. శాసనం అమలు చేయడానికి సత్యవేణమ్మ గారి తమ్ముడు తాతబ్బాయి వచ్చాడు. తిరిగొచ్చాక అక్కకి జరిగింది జరిగినట్టు చెప్పాలని ఒట్టు వేయించుకుని మరీ పంపారు. మూడో మనిషి హోమియో వైద్యులు పానకాలరావు గారు. వృత్తిరీత్యా గుళికలు పంచే మనిషి కదా అని తూటాల బాధ్యత ఆయనకి ఒప్పజెప్పారు. దారి చూపడానికి, వండిపెట్టడానికి ఆ కొండల్లోనే పుట్టిపెరిగిన కత్తుల సింగారెడ్డి కలిశాడు. యాభై ఏళ్ల మనిషి, మాట తక్కువ.

వాగు ఒడ్డున గుడారం వేశారు. మర్నాడు పొద్దున్నే బొంగులో కోడికూర వండుదామని సింగారెడ్డి పచ్చి వెదుళ్లు నరికి, మూరెడు మూరెడు గొట్టాలు ఆరు కోసి బండకి ఆనించి పెట్టాడు. చీకటి పడగానే పంపకాలు మొదలయ్యాయి. తాతబ్బాయి నా వెనక నుంచి బోల్టును లాగాడు. ఎన్నిసార్లు లాగినా ఆ బాధ నాకు కొత్తే. పానకాలరావు గారు అయిదు తూటాలు జేబురుమాల్లో మూట కట్టారు. నేను భీమేశ్వరరావు గారి వంతు. ఆయన నాకు గుడారంలో పరుపు పరిచి, పంచె కప్పి, తాను సగం బయట పడుకున్నారు. నాకు మంచు పడదట. ఆయనకి మాత్రం బాగా పడింది, తెల్లారేసరికి తడిసిపోయారు.

అందరూ పడుకున్నాక తాతబ్బాయి లేచాడు. గుడారం సందులోంచి నాకు కనబడుతూనే ఉంది. అటూ ఇటూ చూసి, నూనెగుడ్డ చుట్టిన నా బోల్టును తీసుకెళ్లి ఒక బొంగులో జారవిడిచాడు. చేతులు దులుపుకుని తన తెలివికి తానే తల ఊపుకుంటూ వచ్చి పడుకున్నాడు. కాసేపటికి పానకాలరావు గారు లేచారు. అటూ ఇటూ చూశారు. బండ దగ్గరకే వెళ్లి, పక్క బొంగులో తూటాల మూట వేశారు. ఆయనా తల ఊపుకున్నారు. చెప్పుకోకూడదన్న నియమం వల్ల వచ్చిన చిక్కు ఇదే: ఇద్దరు తెలివైనవాళ్లు విడివిడిగా ఆలోచిస్తే ఒకే తెలివితక్కువ చోటికి వస్తారు. నేను అరవాలనుకున్నాను. అరవడానికి కావలసిన సామానంతా బొంగుల్లో ఉంది.

ఇక భీమేశ్వరరావు గారు లేచారు. కళ్లు మూసుకునే.

నన్ను భుజాన వేసుకుని తిన్నగా బండ దగ్గరకే నడిచారు. ఆయన కాళ్లకి ఎవరు చెప్పారో గాని, నా గొట్టంతో ఒక్కో బొంగునీ తడుతూ "లైసెన్సు చూపించు" అని అడగడం మొదలుపెట్టారు. మూడో బొంగు దాకా వచ్చేసరికి, నెగడు దగ్గర కూర్చున్న సింగారెడ్డి లేచొచ్చాడు.

"రేపు తెస్తాను బాబుగారూ. ఇప్పుడు ఆఫీసు మూసేశారు కదండి" అన్నాడు.

"రేపు పది గంటలకల్లా" అన్నారు భీమేశ్వరరావు గారు.

"అలాగేనండి."

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పడుకోబెట్టాడు. నా మీద కూడా పంచె నిండా కప్పాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు కనబడలేదు, ఇది గుర్తుంచుకోండి.

ఇంకా మసక వెలుతురు ఉండగానే భీమేశ్వరరావు గారు, ఈసారి నిజంగానే, లేచారు. వాగు అవతల పొదల్లో గుర్రు గుర్రుమని చప్పుడు. చూస్తే పంది. ఆయన ఆరేళ్ల కల, నాలుగు కాళ్ల మీద, నలభై అడుగుల దూరంలో దుంపలు తవ్వుకుంటోంది.

ఆయన వెనక్కి చెయ్యి చాచారు. "తాతబ్బాయ్. బోల్టు. డాక్టరుగారూ, తూటాలు."

తాతబ్బాయి బండకేసి చూశాడు. బొంగుల్లేవు. పొయ్యికేసి చూశాడు. ఆరు బొంగులూ మూతులకి ఆకులు కుక్కుకుని మంట మీద వరసగా పడుకుని ఉన్నాయి. సింగారెడ్డి విస్తరాకుల కోసం వెళ్లినట్టున్నాడు, లేడు. పానకాలరావు గారు కూడా అటే చూశారు. ఇద్దరి ముఖాలూ ఒకేసారి పాలిపోయాయి.

"ఇవ్వవయ్యా" అన్నారు భీమేశ్వరరావు గారు.

"ఇంకా పొద్దు పొడవలేదు బావా" అన్నాడు తాతబ్బాయి నాలుక తడుపుకుంటూ. "పొడిచేదాకా చెప్పకూడదు కదా. అక్కకి ఒట్టేశాను."

"పంది పొద్దు పొడిచేదాకా ఆగుతుందటయ్యా?"

"బోల్టు సంగతి అలా ఉంచండి" అన్నారు పానకాలరావు గారు, వెనక్కి వెనక్కి నడుస్తూ. "అది మహా అయితే కాలుతుంది. నావి పేలతాయి."

"ఏవి?"

"తూటాలు. ఆ బొంగుల్లో ఒకదాంట్లో ఉన్నాయి. దేంట్లో అని అడక్కండి, అన్నీ ఒకేలా ఉన్నాయి."

ముగ్గురు పెద్దమనుషులు ఒక్క ఉదుటున వాగులోకి దూకారు. భీమేశ్వరరావు గారు నన్ను మాత్రం వదల్లేదు, తలపైన పెట్టుకుని పీకల్లోతు నీళ్లలో నిలబడ్డారు. దగ్గర్లో ఒక బొంగు ఠప్పుమంది. పచ్చి వెదురు మంటలో ఠప్పుమనడం మామూలే. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ముగ్గురూ ముక్కుల దాకా మునిగారు. చలికి డాక్టరు గారి పళ్లు టకటకలాడుతున్నాయి, ఆయన సొంత మందుపెట్టె గుడారంలో ఉంది. వాళ్లని చూసి పంది వాగు దాటి ఇవతలికి వచ్చింది. మనుషులు నీళ్లలోనూ, పంది గుడారంలోనూ ఉండటం దానికి న్యాయంగానే తోచినట్టుంది. మందుపెట్టె తోసి, సీసాలు కొరికి, తియ్యటి గుళికలన్నీ నాకేసి, తాపీగా కొండెక్కింది.

"నేనిచ్చిన మందు సాంతం వాడిన మొదటి రోగి" అన్నారు డాక్టరు గారు, దిగులుగానే అయినా కొంచెం గర్వంగా.

సింగారెడ్డి ఆకుల మోపుతో వచ్చి ముగ్గురినీ చూశాడు.

"ఏంటండీ, చలిలో స్నానాలా?"

చెప్పారు. ముగ్గురూ ఒకేసారి చెప్పడం వల్ల కాస్త ఆలస్యమైంది. సింగారెడ్డి ఆకులు కింద పెట్టాడు.

"కూర పెట్టేముందు బొంగు కడగాలి కదండీ. కడక్కుండా ఎవరు పెడతారు? రాత్రి పెద్దాయన ఒక్కో బొంగూ తడుతుంటే ఇందులో ఏదో ఉందని చూశాను. తీసి, ఆయనకి దొరక్కుండా దాచాను."

భీమేశ్వరరావు గారి ప్రాణం తిరిగొచ్చింది. నాది సగమే వచ్చింది, మిగతా సగం బోల్టు కదా. "ఎక్కడ దాచావు?"

"తూటాలకి నిప్పు పడదు కదండీ. నీళ్ల కడవలో వేశాను."

పానకాలరావు గారు చేత్తో కడుపు పట్టుకున్నారు. రాత్రి దాహానికి ఆ కడవలోంచే రెండుసార్లు తాగారు. మందును ఎంత పలచన చేస్తే అంత శక్తి పెరుగుతుందని జీవితమంతా బోధించిన మనిషి, తూటా మందు కడవెడు నీళ్లలో పలచనై తన కడుపులో ఎంత శక్తిగా ఉందో అంచనా వేసుకుంటూ తుమ్మడానికి కూడా జంకారు.

"మరి బోల్టో?" అన్నాడు తాతబ్బాయి.

"అది ఇనుమే కదండీ. పొయ్యి కింద నిప్పుల్లో పూడ్చాను. నిద్రలో నడిచేవాళ్లు ఎక్కడైనా చెయ్యి పెడతారు గాని, నిప్పుల్లో పెట్టరు కదా."

ఇంత పకడ్బందీగా ఆలోచించినవాణ్ని ఏమనగలరు? భద్రత కోసమే దాచాడు. నిజానికి ఆ రాత్రి శాసనాన్ని అర్థం చేసుకున్నవాడు అతనొక్కడే. కర్రతో నిప్పులు కెలికి నా బోల్టును బయటకి తీశారు. నీలంగా మారి, కాస్త వంగి, పైన కారిన కోడికూర పులుసు మాడి పట్టి, మసాలా వాసన వేస్తోంది. భీమేశ్వరరావు గారు తడిబట్టలతోనే గట్టు మీద కూర్చుని దాన్ని నాలో దూర్చారు. సగం దాకా వెళ్లి, రాతిలా బిగుసుకుంది. తిప్పారు. తిరగలేదు. లాగారు. రాలేదు. ఆరేళ్లలో నాతో ఒక్కటీ కాల్చలేకపోయిన మనిషి వేటలో, చివరికి కాలింది నా బోల్టే.

ఆయన ఏడవలేదు. పంచె కొంగుతో నన్ను తుడిచారు. "తీసుకెళ్లి అప్పగించేస్తుంది" అని మాత్రం అన్నారు. కోడికూర అద్భుతంగా కుదిరిందట, ఎవరూ మెచ్చుకోలేదు.

రాజమండ్రి చేరాక తాతబ్బాయి అక్క ఎదుట నిలబడ్డాడు. ఒట్టు ఉంది, అబద్ధం ఆడలేడు. గుమ్మం పక్కన భీమేశ్వరరావు గారు నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వీధిలో రిక్షా బెల్లు వినిపించింది, ఎవరిదో.

"మూడూ మూడు చోట్లే పడుకున్నాయిరా?" అన్నారు సత్యవేణమ్మ గారు.

"పడుకున్నాయక్కా. తుపాకీ పరుపు మీద, తూటాలు నీళ్లలో, బోల్టు నిప్పుల్లో."

"ఎవరెక్కడో ఎవరికీ తెలియదుగా?"

"దాచినవాళ్లకే తెలియదక్కా."

ఆవిడ నన్ను అందుకుని బోల్టు పట్టుకుని లాగారు. కదల్లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "మసాలా కాస్త ఎక్కువైనట్టుంది" అన్నారు. నన్ను తిరిగి భర్త ఒళ్లో పెట్టి, ఆయన ముఖంకేసి చూశారు.

"ఇక ఇది పేలదు కదా?"

"పేలదు" అన్నారు ఆయన. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు, ఆయన మోకాలి మీద నా చెయ్యి ఉంది. చెయ్యి కాదు, కర్ర.

"అలాంటప్పుడు ఉండనీయండి. ఇంత భద్రంగా ఏ స్టేషన్లోనూ ఉండదు" అని ఆవిడ నన్ను అందుకుని గోడకి తగిలించి వంటింట్లోకి వెళ్లిపోయారు.

కొన్నేళ్లకి వేట మీద నిషేధం వచ్చింది. నేనెన్నడూ చేయని పనిని చేయకూడదని చట్టం చేశారు, నాకేం అభ్యంతరం? ఎన్నికలు వచ్చినప్పుడల్లా నన్ను స్టేషన్లో పెట్టి రసీదు తెచ్చుకుంటారు. అక్కడ వారం రోజులుంటే చాలు, మసాలా వాసనకి స్టేషను పిల్లి నా పక్కనే కాపలా కూర్చుంటుంది.

భీమేశ్వరరావు గారు ఎనభై దాటారు. ఇప్పటికీ కొన్ని రాత్రులు కళ్లు మూసుకునే లేచి నన్ను దించుకుంటారు. సత్యవేణమ్మ గారు మేల్కొని చూసి, అటు తిరిగి పడుకుంటారు. గుమ్మంలో నిలబడతాం, ఆయన, నేను, నాలో ఇక ఎవరూ లాగలేని నా బోల్టు. దారిన పోయే కుక్కని లైసెన్సు అడుగుతారు. అది తోకాడిస్తుంది. సరేలే వెళ్లు అంటారు. ఆ తర్వాత ముగ్గురం ఒకేచోట నిద్రపోతాం.