గ్దాన్స్క్ రేవులో దుప్పట్లు

పెడనలో కలంకారీ అద్దకం నడుపుతున్న తనూజకు పోలండ్ కస్టమ్స్ నుంచి తొమ్మిది పేజీల ఉత్తరం వచ్చింది. ఆమె పంపిన దుప్పట్లు గ్దాన్స్క్ రేవులో ఆగిపోయాయి. పద్నాలుగు రోజుల్లో జవాబు పోలిష్‌లోనే ఇవ్వాలట. ఈ సంగతి ఇంగ్లీషులో రాసిన అక్కడి వ్యాపారి, మిగతాది మీరే చూసుకోండని చేతులు దులుపుకున్నాడు.

ఫోన్లో అనువాదానికి పెట్టి చూస్తే "మీ ఆచారాలు అసంపూర్ణం" అని వచ్చింది. కస్టమ్స్ అంటే దానికి ఆచారాలే మరి. గుడివాడ ఆడిటర్ మురళీకృష్ణ గారు కాగితాలు తిరగేసి, జీఎస్టీ అయితే చూసేవాణ్ణమ్మా అన్నారు. హైదరాబాదులో ఒక ఏజెన్సీ వారం రోజులు ఉంచుకుని అవే ఆచారాలు టైపు చేసి పంపింది. తనూజకు ఒళ్లు మండిపోయింది.

బంటుమిల్లిలో రొయ్యల చెరువు చేస్తున్న శామ్యూల్ రాజ్ పోలండ్ గోడౌన్‌లో నాలుగేళ్లు పనిచేసి వచ్చాడని ఎవరో చెప్పారు. స్కూటీ వేసుకుని వెళ్లింది. అతను చెరువు గట్టు మీదే నిలబడి రెండు పేజీలు చదివి, తిరిగి ఇచ్చేశాడు.

"రొట్టె కొనడం, బస్సు అడగడం వచ్చండీ. ఇది చట్టం."

"మూడు రోజులే ఉన్నాయండీ. తప్పో ఒప్పో, ఏదో ఒకటి చెప్పండి."

"తప్పు చెప్పి మిమ్మల్ని ముంచలేను."

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అతను తన వీసా కాగితాలు చిక్కుపడ్డప్పుడు చూసిపెట్టిన మాగ్దా అనే ఆవిడకు అక్కణ్ణించే ఫోన్ చేసి, ఉత్తరం పేజీలన్నీ ఫొటోలు తీసి పంపాడు. అక్కడి ప్రభుత్వం గుర్తించిన అనువాదకురాలావిడ, పన్నుల కాగితాలే ఎక్కువ చూస్తుంది.

ఆ సాయంత్రానికే మాగ్దా ఇంగ్లీషులో రాసింది. ఎనిమిది పేజీలు సెక్షన్లేనట. అడిగింది ఒక్కటే: ఈ బట్ట చేత్తో అద్దిందా, మిషన్ మీద అచ్చేసిందా? ఋజువు కావాలి.

ఇన్నాళ్లు తిరిగింది ఈ ఒక్క ముక్కకా అని తనూజ తల పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే, ముప్ఫై ఏళ్లుగా అద్దకం పని చేస్తున్న సత్యవతమ్మ ముందు ఫోన్ పెట్టి వీడియో తీసింది. ఎందుకో చెబితే సత్యవతమ్మ బట్ట మీది చెక్క అచ్చు ఎత్తకుండానే అంది:

"చేత్తో కాక కాళ్లతో అద్దుతారా అమ్మా?"

గడువుకు ఒక రోజు ముందు ఆ వీడియోతో పాటు మాగ్దా అనువదించిన జవాబు వెళ్లింది. నెల తర్వాత సరుకు వదిలారు.

తనూజ ఒక దుప్పటి తీసుకుని బంటుమిల్లి వెళ్లింది. శామ్యూల్ రాజ్ మొహమాటపడ్డాడు. తాను ఒక్క వాక్యం కూడా అనువదించలేదన్నాడు. అందుకే తెచ్చానంది తనూజ.