ఎర్ర జేబు

ఎనిమిదికి ఐదు నిమిషాలుంది. పెద్దక్క తన బూడిదరంగు కోటు గుండీలు కింది నుంచి పైకి పెట్టుకుంది. ఎడమవైపు అరచెయ్యంత ఎర్ర జేబు. ఆ గదిలో నలభైమంది కోట్లకూ అదే జేబు, అదే చోట.

ఆ కుట్టు ఫ్యాక్టరీలో పనివాళ్ల కోట్లకు జేబులుండవు. ఉంటే గుండీలూ దారపు కండెలూ ఇళ్లకు నడిచిపోతాయని యజమాని భయం. గుండీల సంగతేమో గానీ, మూడు నెలల కిందట పెద్దక్క తోడికోడలు పక్క మిషను మీదే ఊపిరాడక చనిపోయింది. ఆమె ఇన్‌హేలర్ కింది అంతస్తులో, పనివాళ్ల సామాన్ల పెట్టెలో, తాళం వేసి ఉంది. ఆ తర్వాత చాలా రోజులు పెద్దక్కకు ముద్ద దిగలేదు. చివరికి తోడికోడలి ఎర్ర దుప్పటిని నలభై ముక్కలు చేసింది. నిన్న, ఆదివారం, అందరూ ఉతకడానికి తీసుకెళ్లిన కోట్లు పోగేసి, పగలూ రాత్రీ కూర్చుని జేబులు కుట్టింది. వాటిలో ఇవాళ ఎవరి మందు వాళ్ల దగ్గరుంది.

గంట మోగింది. వరస వెంట వస్తున్న సూపర్‌వైజర్ జేబులు చూసి ఆగిపోయాడు. తొమ్మిదింటికి కొనుగోలుదారులు వస్తారనీ, కుట్టిందెవరో చెబితే ఒక్కరితో పోతుందనీ, లేదంటే నలభైమందీ బయటికేననీ అన్నాడు. అందరూ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డారు.

అతను ఒక జేబు మూల తిప్పి చూశాడు. పదిహేనేళ్ల కిందట అతన్ని మిషను ముందు కూర్చోబెట్టి పని నేర్పింది పెద్దక్కే. జేబు మూలన ఊడకుండా అందరూ వెనక్కి మూడు కుట్లు వేస్తారు, ఆమె ఐదు వేస్తుంది. దొరక్కూడదంటే వంకరటింకరగా కుట్టాల్సింది. ఒకటి అలా కుట్టింది కూడా. చూడలేక ఆ పూటే విప్పేసింది.

"ఇంత శుభ్రంగా ఎందుకు కుట్టావక్కా?" అన్నాడతను మెల్లగా.

ఏళ్ల తరబడి అతన్ని సార్ అన్న నోరే అది. "వంకరగా కుట్టడం నాకు రాదురా. నీకూ నేర్పలేదుగా."

అందరి జేబులూ విప్పేస్తే ఉద్యోగం ఉంటుందన్నాడు. విప్పనంది. కోటు తీసి, మడిచి బల్ల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగింది. ఏడుపు గేటు దాటాకే వచ్చింది.

పైన తక్కినవాళ్ల చేతుల్లో కుట్లు విప్పే కత్తులు పెట్టారు. ఒక్కరూ కదల్లేదు. సూపర్‌వైజరే పెద్దక్క కోటు అందుకుని జేబు మూల కుట్టు తెంపబోయాడు, లాగాడు, ఇంకా గట్టిగా లాగాడు. కొనుగోలుదారులు లోపలికి వచ్చేసరికి బల్ల మీద ఆ కోటు నిలువునా చిరిగి ఉంది. జేబు మాత్రం ఒక్క కుట్టూ ఊడలేదు.